పసిగట్టే విద్య

ముందు వరుసలో కూర్చున్న అమ్మగారికి, మా మాస్టారి సతీమణికి, నమస్కారం. ఈ కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన మాస్టారి పేరిట మాట్లాడమని పిలిచినప్పుడు విషయం మీ ఇష్టమన్నారు. నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఈ కాలేజీ రెండో అంతస్తు చివరి గదిలో ఒక మధ్యాహ్నం మాస్టారు చెప్పిన కథే నన్ను ఈ దారిలోకి తెచ్చింది. దాన్నే మీ ముందు మళ్లీ చెప్పి మొదలుపెడతాను.

మాస్టారి నాన్నగారు బావులు తవ్వే చోట తూటాలు పేల్చేవారు. రాతిపొర తగిలితే సమ్మెటతో కొట్టి బెజ్జం చేసి, మందు కూరి, వత్తి అంటించి పైకి వచ్చేయాలి. ఆ కాలపు మందులో నైట్రోగ్లిజరిన్ ఉండేది. పనికి వెళ్లిన రోజు సాయంత్రం ఆయన తలకు తువ్వాలు బిగించి కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకునేవారట. వరసగా నాలుగు రోజులు వెళితే నొప్పి తగ్గేది. రెండు రోజులు ఇంటిపట్టున ఉండి మళ్లీ వెళితే మొదటికొచ్చేది. ఊళ్లో దిష్టి తీశారు, కషాయాలు ఇచ్చారు. మాస్టారు పెద్దయి రసాయనశాస్త్రం చదివాక గాని దాని గుట్టు తెలియలేదు. నైట్రోగ్లిజరిన్ ఊపిరితోనూ చర్మం గుండానూ ఒంట్లోకి పోయి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. గుండెనొప్పి వచ్చినవాళ్లు నాలుక కింద పెట్టుకునే మాత్రలో ఉండేదీ అదే. శరీరం నాలుగు రోజుల్లో దానికి అలవాటు పడుతుంది, మానేస్తే ఆ అలవాటు పోతుంది. "మా నాన్న తలనొప్పి ఉందే, నేను చూసిన మొదటి డిటెక్టర్ అదేరా" అన్నారు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మా వైపు చూడలేదు.

పేలుడు పదార్థం గట్టిగా, పొడిగా, పొట్లం కట్టి ఉన్నా గాలితో ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఆ మాట వినడానికి మనిషి ఏమేం చేశాడు, విని కూడా ఎక్కడ వినిపించుకోలేదు అన్నదే ఈ ఉపన్యాసం.

మన భాషలో 'పసిగట్టడం' అని ఒక మంచి మాట ఉంది. పసి అంటే వాసన. వాసనను బట్టి జాడ తీయడమే పసిగట్టడం. ఇప్పుడు ఎవరి మనసులో ఏముందో కనిపెట్టడానికి కూడా అదే మాట వాడుతున్నాం. సెన్సర్ అనే మాటకు అనువాదం వెతికేవాళ్లకు నేను ఎప్పుడూ ఇదే చెబుతాను: మన దగ్గర క్రియాపదం ముందునుంచే ఉంది.

అయితే ఈ పసి ఎంత ఉంటుంది? మామూలు గది వేడిమిలో, మూసిన పాత్రలో టీఎన్‌టీ పెడితే, దాని పైనున్న గాలిలో 100 కోట్ల అణువులకు పది లోపు టీఎన్‌టీ అణువులు ఉంటాయి. ఆర్‌డీఎక్స్ ఇంకా మొండిది. లక్ష కోట్ల అణువులకు అయిదారు. మనం తీసుకునే ఒక మామూలు ఊపిరి అర లీటరు. ఆ అర లీటరు గాలి ఆర్‌డీఎక్స్ ఆవిరితో నిండుగా ఉన్నా, అందులోని ఆర్‌డీఎక్స్ అంతా కలిపి గ్రాములో లక్ష కోట్ల వంతుల్లో ఇరవైకి కాస్త అటూ ఇటూగా తూగుతుంది. అణువుల లెక్కలో మాత్రం అది 6000 కోట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మాస్టారు మమ్మల్ని ఎప్పుడూ ఆలోచించమనేవారు. తూకంలో లేనట్టే ఉన్నది లెక్కలో కోట్లుగా ఉంది. తూచడం మానేసి లెక్కపెట్టడం నేర్చుకుంటే పని జరుగుతుంది.

కాని మూసిన పాత్ర వేరు, రైల్వే స్టేషన్ వేరు. ప్లాస్టిక్‌లో చుట్టి, సంచిలో పెట్టి, జిప్పు లాగాక బయటికొచ్చే ఆవిరి ఇందులో వెయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. పైగా చుట్టూ ఉన్నది శుభ్రమైన గాలి కాదు. మన కోస్తాలో వేసవి ఉక్కపోతను తలచుకోండి. ఆ గాలిలో వందకు మూడు అణువులు నీటివే. అంటే ఒక్క టీఎన్‌టీ అణువును పట్టుకోవాలంటే కనీసం 30 లక్షల నీటి అణువులను పక్కకు తోసి చూడాలి. వాటితోపాటు డీజిల్ పొగ, బజ్జీల నూనె, అగరొత్తులు, మల్లెపూలు, చెమట. ఎండ ఒక రకంగా మేలు చేస్తుంది: పది డిగ్రీలు పెరిగితే టీఎన్‌టీ ఆవిరి మూడు నాలుగు రెట్లవుతుంది. ఉక్కపోత ఆ మేలును మింగేస్తుంది.

మన వంటిళ్లలో గ్యాస్ లీకైతే మోగే చిన్న పెట్టె మీలో చాలామంది చూసి ఉంటారు. జపాన్‌లో నవోయోషి తగుచి 1962లో రూపొందించిన సెన్సర్‌కు అది వారసురాలు. అందులో టిన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. దాన్ని 300 డిగ్రీలకు అటూ ఇటూగా వేడి చేసి ఉంచుతారు. గాలిలోని ఆక్సిజన్ దాని ఒంటికి అంటుకుని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. వంటగ్యాస్ వంటిది వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిసిపోగానే ఎలక్ట్రాన్లకు విడుదల, కరెంటు తేలిగ్గా పారుతుంది, గంట మోగుతుంది. ఇంత సులువైన ఏర్పాటు ఎన్ని ఇళ్లను కాపాడిందో. అదే పెట్టెను బాంబు ముందు పెడితే పలకదు. వంటగ్యాస్‌ను అది పది లక్షల్లో వందల భాగాల దగ్గర పట్టుకుంటుంది. మనకు కావలసింది వంద కోట్లలో ఒకటి, లక్ష కోట్లలో ఒకటి. దానికి తోడు స్పిరిట్ అన్నా, సెంటు అన్నా, ఉల్లిపాయ తాలింపు అన్నా దానికి ఒకటే. పసి తెలుస్తుంది, పేరు తెలియదు.

పేరు తెలియాలంటే ఒక సెన్సర్ చాలదు, రకరకాల సెన్సర్లు పది కూర్చుని తలా ఒక మాట చెబితే ఆ మాటల పొందికను బట్టి తేల్చాలి అని 1982లో వార్విక్ విశ్వవిద్యాలయంలో కృష్ణ పెర్సాద్, జార్జ్ డాడ్ చూపించారు. ఎలక్ట్రానిక్ ముక్కు అనే ఆలోచన అక్కడ మొదలైంది. తర్వాత మసాచుసెట్స్‌లో ఎంఐటీ ఆచార్యుడు టిమోతీ స్వేగర్ ఇంకో దారి తొక్కారు. ఆయన తయారుచేసిన పాలిమర్ అతినీలలోహిత కాంతి పడితే వెలుగుతుంది. టీఎన్‌టీకి ఎలక్ట్రాన్ల ఆకలి ఎక్కువ. ఒక్క అణువు వచ్చి ఆ పాలిమర్ గొలుసు మీద ఎక్కడ వాలినా గొలుసులో చాలా మేర వెలుగు ఆరిపోతుంది. దీపావళి సీరియల్ బల్బుల దండలో ఒకటి పోతే దండంతా ఆరిపోదూ, అలాగ. బల్బుల దండకు అది లోపం. స్వేగర్ ఆ లోపాన్నే గుణంగా మార్చారు. తూచడం మాని లెక్కపెట్టమన్న మాస్టారి మాటకు ఇంతకంటే అందమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

మన దేశంలో జరిగిన పనిలో నాకు గర్వంగా తోచేది ఐఐటీ బొంబాయిలో పుట్టిన నానోస్నిఫర్. 2021 ఏప్రిల్‌లో విడుదలైంది. దాని వెనకున్న ఆచార్యుడు వి. రామ్‌గోపాల్ రావు మన తెలుగువారు. అందులోని సెన్సర్ ఒక సూక్ష్మమైన పలక. ఈత కొలనులో దూకడానికి కట్టిన చెక్కపలకను వెంట్రుక కంటే సన్నగా ఊహించుకోండి. దాని మీద పేలుడు పదార్థపు అణువులు వాలితే అది రవంత వంగుతుంది. ఆ వంపును విద్యుత్తు కొలిచి చెబుతుంది. ఫలితం పది సెకన్ల లోపు వస్తుంది. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని హై ఎనర్జీ మెటీరియల్స్ కేంద్రంలో లేజర్లతో ఈ జాడలు పట్టే పరిశోధన ఏళ్ల తరబడి సాగుతోంది. ఇక్కడున్న పిల్లలు ఆ గుమ్మం తొక్కాలని నా ఆశ.

ఇంతా చెప్పాక మీకో సందేహం రావాలి. విమానాశ్రయంలో మన సంచిని ఏ యంత్రమూ వాసన చూడదు కదా, ఒక గుడ్డముక్కతో తుడిచి ఆ గుడ్డను యంత్రంలో పెడతారు కదా? నిజమే. మన సామెతలోని ఇంగువ కట్టిన గుడ్డ ఇక్కడ పనికొస్తుంది. ఆర్‌డీఎక్స్ వంటివి గాలిలోకి రావు గాని, తాకిన ప్రతిదానికీ అంటుకుంటాయి. చేతికి, చేతినుంచి జిప్పుకు, జిప్పునుంచి గుడ్డకు. కంటికి కనిపించని ఆ నలుసును యంత్రం వేడి చేసి అప్పుడు ఆవిరిగా మారుస్తుంది. ఆవిరికి విద్యుదావేశం ఎక్కించి ఒక గొట్టంలో పరుగు పెట్టిస్తుంది. బరువైనది వెనకబడుతుంది, తేలికైనది ముందొస్తుంది. పరుగుకు పట్టిన కాలాన్ని బట్టి పేరు తెలుస్తుంది. గాలి తనంతట తాను చెప్పకపోతే వేడి చేసి చెప్పించడమన్నమాట.

మరి కుక్క? దానికి గుడ్డముక్క అక్కర్లేదు. కుక్క సెకనుకు అయిదుసార్లు పసి పీలుస్తుంది. వదిలే ఊపిరిని పక్కలకు, వెనక్కు తోస్తుంది. ఆ తోపుకు ముందున్న గాలి తనంతట తానే ముక్కువైపు వచ్చేస్తుంది. అమెరికాలో ప్రమాణాల సంస్థ శాస్త్రవేత్తలు 2016లో కుక్క ముక్కు నమూనాను త్రీడీ ప్రింటర్‌తో చేసి, అదే పద్ధతిలో ఊపిరి తీసే ఏర్పాటును మార్కెట్లో ఉన్న ఒక డిటెక్టర్‌కు తగిలిస్తే దాని చురుకు 16 రెట్ల వరకు పెరిగింది. లోపలి సెన్సర్ మారలేదు, గాలి తీసుకునే తీరు మారింది. హైదరాబాద్ పొలిమేరలోని మొయినాబాద్‌లో జాగిలాలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. మందుపాతరల కాలంలో మన రెండు రాష్ట్రాల పోలీసులు రోడ్డు మీద ముందు నడిపించింది జాగిలాన్నే. అది అలసిపోతుంది, ఎండకు వగరుస్తుంది, నోటితో వగరుస్తున్నంతసేపూ సరిగా పసి పట్టలేదు. యంత్రం అలసిపోదు. కాని జాగిలం మలుపు తిరిగి ఆ పసి ఎటునుంచి వస్తోందో వెతుక్కుంటూ పోగలదు. జాగిలమంత బాగా ఆ పని చేసే యంత్రం ఇప్పటికీ మన దగ్గర లేదు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న చోటికి వస్తాను.

1985 జూన్ 22. కెనడాలో టొరంటో విమానాశ్రయం. ఎయిరిండియా 182వ నంబరు విమానం, పేరు కనిష్క. ప్రయాణికుల సామాను తనిఖీ చేస్తుండగా ఎక్స్‌రే యంత్రం ఆగిపోయింది. మిగిలిన సామానును పీడీ-4 అనే చేతి పరికరంతో చూశారు. అది పేలుడు పదార్థాల ఆవిరిని పసిగట్టడానికి చేసినది. అంటే మనం ఇంతసేపూ మాట్లాడుకుంటున్న జాతికి చెందినదే. ఆ పరికరం పనికిరాదని అంతకుముందు కొన్ని నెలల క్రితమే కెనడా పోలీసుల పరీక్షలో తేలింది. పేలుడు పొడికి దాదాపు ఆనించి పెడితే గాని అది పలకలేదు. అయినా ఆ రోజు చేతిలో ఉన్నది అదే. ఒక సంచి దగ్గర అది చిన్నగా మోగిందని విచారణ సాక్ష్యాల్లో ఉంది. మోగితే ఏం చేయాలో ఆ పరికరం పట్టుకున్న మనిషికి ఎవరూ సరిగా నేర్పలేదు. సంచి వెళ్లిపోయింది. మర్నాడు ఐర్లండ్ తీరానికి దగ్గరలో, 31,000 అడుగుల ఎత్తున, విమానం పేలిపోయింది. 329 మంది. వాళ్లలో ఎక్కువమంది సెలవులకు తాతయ్య, అమ్మమ్మల దగ్గరికి వస్తున్న భారత సంతతి కుటుంబాలు, పిల్లలు.

మోగిన సంచిలోనే బాంబు ఉందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. ఒక యంత్రం ఉంది, దాని మీద నమ్మకం పెట్టుకున్నారు, దాని సత్తా తెలిసినవాళ్లు ఒక చోట, దాన్ని వాడేవాళ్లు ఇంకో చోట ఉన్నారు. ఈ రెండు చోట్ల మధ్యనే ఆ సంచి వెళ్లిపోయింది. ఈ దుర్ఘటనపై 2010లో వచ్చిన జాన్ మేజర్ విచారణ కమిషన్ నివేదికలో ఈ భాగాలు చదువుతున్నప్పుడు నేను చాలాసార్లు ఆగిపోయాను. నా జీవితమంతా సెన్సర్ చురుకు పెంచే పనిలో గడిచింది. పది రెట్లు పెంచితే ఒక పరిశోధనాపత్రం. కాని ఆ రోజు టొరంటోలో కావలసింది పది రెట్ల చురుకే కాదు. అది మోగినప్పుడు "ఈ సంచి ఆపండి" అనడానికి అధికారమూ తెలివిడీ ఉన్న ఒక మనిషి కూడా కావాలి.

మూడేళ్లకు, 1988 డిసెంబర్ 21న, స్కాట్లండ్‌లోని లాకర్బీ ఊరి మీద పాన్ఆమ్ 103వ నంబరు విమానం ముక్కలైంది. విమానంలో 259, కింద ఊళ్లో 11, మొత్తం 270 మంది. రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో దాచిన ప్లాస్టిక్ పేలుడు పదార్థం కారణం. అప్పుడు ప్రపంచ దేశాలు చేసిన ఒక పని నాకు ఈ చరిత్రలో అన్నింటికంటే తెలివైనదిగా తోస్తుంది. 1991 మార్చి 1న మాంట్రియల్‌లో ఒక ఒప్పందం కుదిరింది. ప్లాస్టిక్ పేలుడు పదార్థం తయారుచేసే ప్రతి కర్మాగారమూ అందులో తేలిగ్గా ఆవిరయ్యే ఒక గుర్తు పదార్థాన్ని కలపాలి. దానికదిగా పసి లేనిదానికి పసి తగిలించడమన్నమాట. కుక్కకూ అది తెలుస్తుంది, యంత్రానికీ తెలుస్తుంది. 1998 జూన్‌లో ఇది అమలులోకి వచ్చింది.

ఈ ఆలోచన కొత్తదా? మన వంటింట్లోనే ఉంది. వంటగ్యాస్‌కు దానికదిగా వాసన ఉండదు. మనం ముక్కు మూసుకునే ఆ కుళ్లు వాసన ఇథైల్ మెర్‌కాప్టాన్‌ది, కావాలని కలిపినది. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సస్ రాష్ట్రం న్యూలండన్ ఊరి బడి కింద వాసన లేని సహజవాయువు పోగుపడి పేలింది. మూడు వందల మంది దాకా పిల్లలు, టీచర్లు పోయారు. ఆ తర్వాతే వాసన కలిపి తీరాలన్న చట్టం అక్కడ వచ్చింది, మిగతా లోకం అనుసరించింది. మన ఆడవాళ్లు తెల్లవారి వంటింటి తలుపు తీయగానే ఒక్క క్షణం ఆగి గాలి చూసుకుంటారే, లైటు స్విచ్చి ముట్టుకోకుండా కిటికీ తెరుస్తారే, ఆ అలవాటు వెనక ఆ బడి పిల్లలున్నారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన కోనసీమలోని నగరం గ్రామంలో పైపులైను నుంచి లీకైన గ్యాస్ ఊరి గాలిలో పరుచుకుంది. దానికి నిప్పు తగిలింది. 20 మందికి పైగా పోయారు. కాలిపోయిన కొబ్బరిచెట్ల ఫోటోలు మీకు గుర్తుండే ఉంటాయి. ఇళ్ల మధ్య నుంచి గొట్టం వెళ్లే ప్రతి చోటా గాలిని కనిపెట్టి చూసే సెన్సర్ ఉండాలని నేను అప్పటినుంచీ ప్రతి సభలోనూ అడుగుతున్నాను. ఇక్కడా అడుగుతున్నాను.

గుర్తు పదార్థం అన్నింటికీ మందు కాదు. 2007 ఆగస్టు 25న మన హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. అక్కడ వాడినది క్వారీల్లో వాడే అమోనియం నైట్రేట్ జాతి మందు. దాని ఆవిరి చాలా స్వల్పం, ఎరువుకూ దానికీ చుట్టరికం. మాంట్రియల్ ఒప్పందం అలాంటివాటికి వర్తించదు. అక్కడ లెక్కల పుస్తకం, తాళం, అమ్మకాల మీద నిఘాయే సెన్సర్. 2011లో అమోనియం నైట్రేట్‌ను మన ప్రభుత్వం పేలుడు పదార్థంగా ప్రకటించి, మరుసటి ఏడాది దానికి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. గ్యాస్ సెన్సర్ల మీద పనిచేసినవాణ్ని అయినా ఈ మాట ఒప్పుకోవాలి: కొన్ని చోట్ల గాలి కంటే రిజిస్టరు బాగా చెబుతుంది.

ఇక భయాన్ని అమ్ముకున్నవాళ్ల సంగతి. చెప్పడానికి నాకు కోపంగానే ఉంటుంది. ఇరాక్‌లో చెక్‌పోస్టుల దగ్గర సైనికుల చేతుల్లో ఏడీఈ 651 అనే పరికరం ఉండేది. పిడికి తగిలించిన ఒక యాంటెన్నా. బ్యాటరీ లేదు, లోపల సెన్సర్ లేదు. గోల్ఫ్ బంతులు వెతుకుతుందని చెప్పి అమ్మిన బొమ్మ దానికి మూలం. బ్రిటన్ వ్యాపారి జేమ్స్ మెక్‌కార్మిక్ వేలకొద్దీ అమ్మాడు. దాన్ని నమ్మి వాహనాలను వదిలారు. 2013లో లండన్ కోర్టు అతనికి పదేళ్ల శిక్ష వేసింది. ఒక పొట్లాన్ని అయిదు పెట్టెల్లో ఒకదానిలో దాచి, ఎందులో దాచారో పట్టుకునేవాడికి తెలియకుండా ఇరవైసార్లు పరీక్ష పెట్టి ఉంటే మొదటి రోజునే తేలిపోయేది. మన ఇంటర్ పిల్లలు చేయగల ప్రయోగం. ఆ ప్రయోగం ఎవరూ అడగలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నిజమైన యంత్రమూ తప్పు చెబుతుంది. వందసార్లలో ఒక్కసారే పొరపడే యంత్రం ఉందనుకోండి. లక్షమంది దాటితే వెయ్యిమంది దగ్గర ఊరికే మోగుతుంది. ఆ వెయ్యిలో పొలంలో ఎరువు చల్లి నేరుగా విమానమెక్కడానికి వచ్చిన రైతు ఉండవచ్చు. చేతులకు గ్లిజరిన్ రాసుకున్న నర్సు, గుండెమాత్ర జేబులో పెట్టుకున్న పెద్దాయన ఉండవచ్చు. ఆ పెద్దాయన మాస్టారి నాన్నగారిలా తూటాలు పేల్చి బతికినవాడూ కావచ్చు. యంత్రం మోగడం నేరం రుజువు కావడం కాదు. మళ్లీ ఒకసారి, ఇంకో పద్ధతిలో చూడమని మాత్రమే దానర్థం. మోగినప్పుడు ఆపడం ఎలాగో నేర్పాలన్నాను. ఆపినవాడితో మర్యాదగా మాట్లాడి, రెండో పరీక్ష చేసి, క్షమాపణ చెప్పి పంపడం కూడా అదే పాఠంలో భాగం. పేరు చూసి, వేషం చూసి రెండో పరీక్ష ఎగ్గొట్టేవాడికి ఆ యంత్రం ఇవ్వకూడదు.

మాస్టారు పోయాక ఆయన గదిలో దొరికిన కాగితాల్లో బీఎస్సీ పిల్లల కోసం రాసిపెట్టిన ఒక ప్రయోగం ఉంది. చేయించకుండానే ఆయన రిటైరయ్యారు. ఈ ఏడాది మూడో సంవత్సరం పిల్లలు దాన్ని చేశారు. అయిదు గాజుసీసాలు. ఒకదానిలో ఇంగువ కట్టి తీసేసిన గుడ్డ, మిగతా నాలుగింటిలో ఉతికిన మామూలు గుడ్డలు. ఏది ఏదో సీసాల అడుగున రాసి కాగితం అతికించారు. టిన్ ఆక్సైడ్ సెన్సర్ నిలకడగా వేడెక్కడానికి ఒక పూర్తి రోజు పడుతుంది కనుక నిన్న సాయంత్రమే స్విచ్చి వేశాం. పక్క గదిలో ఉంది. ఇరవైసార్లు చూడడానికి నోటుపుస్తకంలో గీతలు గీసి పెట్టారు. మొదటి పన్నెండు గళ్లు పిల్లలు నింపారు. మిగతా ఎనిమిదీ మీకోసం వదిలేశారు. అమ్మగారు ముందు వెళతానన్నారు.